ఒక రివిట్టుకి చాలని రాగి

మా తాత సిసిన్నియో కంచరి.
సార్డీనియా నడిబొడ్డున, ఇసిలి అనే ఊళ్లో
మిగిలిన ఆఖరి ముగ్గురిలో ఒకడు.
గంగాళం అడుగు ఎప్పుడు గుండ్రమైందో
కంటితో కాదు, చెవితో చెప్పేవాడు.

నాకు పద్నాలుగో ఏడు.
ఫిబ్రవరిలో అన్నహితవు పోయింది,
మార్చిలో చెప్పులకు పాదాలు పట్టలేదు,
ఒక పొద్దున అద్దంలో నా కళ్లు పచ్చగా ఉన్నాయి.
పక్కింటి రైమొండ పళ్లెంలో నీళ్లు పోసి
మూడు చుక్కలు ఆలివ్ నూనె వేసి
దిష్టేనని తేల్చింది.
ఊరి డాక్టరు రక్తం తీయించాడు.
ఎ లేదు, బి లేదు, సి లేదు.
"ఏ వైరసూ లేకుండా కాలేయం ఎందుకు వాచినట్టు?"
నన్నే అడిగాడు, నేనేదో దాచినట్టు.
"దొంగచాటుగా వైను తాగుతావా?"

కాలియరి ఆసుపత్రి. చీకటి గది.
గడ్డం ఇక్కడ ఆనించు, రెప్ప వాల్చకు.
సన్నటి వెలుగు చీలికను నా కంటిమీద నిలిపి
డాక్టర్ లొద్దు చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత అమ్మను పిలిచి చూపించింది.
నల్లగుడ్డు అంచు చుట్టూ
తుప్పుకీ పాచికీ నడుమ రంగులో
ఒక సన్నటి కడియం.
"రాగి," అంది.
అమ్మ నవ్వింది. ఇంకేం చేయాలో తెలియక.

తిండిలో వచ్చిన రాగిని
కావలసినంత ఉంచుకుని
మిగిలింది పైత్యంలోకి తోలేయడం కాలేయం పనట.
నాలో ఆ గుమ్మం దగ్గర కాపలావాడు
పుట్టినప్పటినుంచీ నిద్రపోతున్నాడు.
బఠాణీల్లోది, రొట్టెల్లోది, ఈస్టర్ చాక్లెట్లోది
రవ్వ రవ్వగా లోపలే నిలిచి
కణం కణం కాగి, ఉబ్బి, మచ్చకట్టి,
పద్నాలుగేళ్లకి పొగ కంట్లో కనబడింది.

ఆ రాత్రి తాత
వంటింట్లోని రాగినంతా పెరట్లో పోగేశాడు.
చెంబులు, మూకుళ్లు, అమ్మ పెళ్లికి తను కొట్టిచ్చిన కుండ.
ఒక్కొక్కదాన్నీ బల్లపరుపుగా అణిచాడు.
కుక్కలు మొరిగాయి. దీపాలు వెలిగాయి.
ఎవరూ వచ్చి ఆపలేదు.
"పాత్రలు కాదు నాన్నా, పాత్రలు కాదు,"
అమ్మ గోడకి ఆనుకుని చెబుతూనే ఉంది.
"నాది ఒకటి, వాళ్ల నాన్నది ఒకటి.
విడివిడిగా ఉంటే ఏమీ చెయ్యవట."

మా కంచరులకి ఒక మరుగుభాష ఉండేది.
బేరానికొచ్చినవాడి ఎదుటే
వాడికి తెలియకుండా ధర అనుకోవడానికి.
అందులో ఏ మాటనో ఎవరో ఏ కాలంలోనో
ఒక్క అక్షరం తప్పు పలికి ఉంటారు.
ఆ తప్పునే బుద్ధిగా అప్పజెప్పుకుంటూ
ఇక్కడిదాకా వచ్చాం.
నా తమ్ముడు అంతియోకోకి ఒకటే వచ్చింది.
తన కంట్లో కడియం లేదని ఏడ్చాడు, తొమ్మిదేళ్లవాడు.

పరగడుపున మాత్ర. తర్వాత గంటసేపు పచ్చి మంచినీళ్లే.
వాల్‌నట్లు వద్దు, పుట్టగొడుగులు వద్దు,
మేక కాలేజం అసలే వద్దు.
నెలకోసారి ఒక పగలూ రాత్రీ
మూత్రమంతా ప్లాస్టిక్ కూజాలో పట్టాలి.
సిగ్గుతో దాన్ని తువాలు కింద దాచేదాన్ని.
తాత మాత్రం రోజంతా దాని చుట్టూ తిరిగేవాడు.
"ఎంత దిగింది?"
వెయ్యి మైక్రోగ్రాములన్నారు, తాతా.
"అంటే?"
రోజూ ఇలాగే పోతే మూడేళ్లకి ఒక గ్రాము.
అరచేయి చాచి, లేని బరువును తూచి చూశాడు.
"ఒక రివిట్టుకి కూడా చాలదు," అన్నాడు.
"ఇంతదానికా!"

ఇప్పుడు నాకు ముప్ఫై రెండు. వాపు తగ్గింది,
మచ్చ మిగిలింది, కడియం వెలిసిపోయింది.
తాత లేడు.
ఆయన పెట్టె అడుగున చెల్లెలు విస్సెంత ఫోటో దొరికింది.
పందొమ్మిదేళ్లకే పోయింది.
చేతులు వణికేవట, మాట ముద్దయ్యేదట,
తాగుడని ఊరు, దయ్యమని ఇల్లు.
కిటికీ దగ్గరికి తీసుకెళ్లి భూతద్దం పెట్టాను.
సూటిగా నావైపే చూస్తోంది.
నలుపు తెలుపు ఫోటో.
కళ్ల అంచున ఏ రంగుందో చెప్పదు.